మాట్లాడే జి.పి.ఎస్. చెప్పే దారిని ఎంతవరకు నమ్మవచ్చు?

చూపు తగ్గినవారికీ, వారి ఇంటివారికీ ఈ నెల పాఠం



గ్లాకోమా అనే నీటికాసుల జబ్బు వలన గానీ, చక్కెర వ్యాధితో కంటి లోపలి పొర దెబ్బతినడం వలన గానీ పోయిన చూపును తిరిగి తీసుకురావడం చాలాసార్లు సాధ్యం కాదు. అలాంటివారు ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు మనసులో మెదిలే ప్రశ్న ఒకటి ఉంటుంది: "ఇకమీదట నేను ఒంటరిగా గడప దాటగలనా?"

ఈమధ్య చాలా ఇళ్లలో పిల్లలు సెల్‌ఫోన్‌లో దారి చెప్పే ఏర్పాటు పెట్టి, "ఇక భయం లేదు నాన్నా, ఫోన్ ఎలా చెబితే అలా నడువు" అంటున్నారు. ఇది మంచి సాయమే. కాని ఎంత మంచి మందుకైనా మోతాదు తెలియాలి గదా! ఫోన్ మాటను ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలియకపోతే ఒక్కసారి పడినా కాలు విరగవచ్చు. కాలు కట్టుకట్టితే అతుకుతుంది. ధైర్యం పోతే మాత్రం మనిషి మూలన కూర్చుంటాడు. అందుకే ఈ పాఠం.

జి.పి.ఎస్. ఎలా పనిచేస్తుంది?

"పైనుంచి ఉపగ్రహం మనల్ని చూస్తూ దారి చెబుతుంది" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఉపగ్రహం మనల్ని చూడదు, మనం ఉన్నామన్న సంగతి కూడా దానికి తెలియదు.

జి.పి.ఎస్. అన్నది అమెరికా రక్షణ శాఖ ఏర్పాటు చేసిన ఉపగ్రహాల వ్యవస్థ. 1995 నాటికి ఇది పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాలు తాము ఎక్కడ ఉన్నదీ, తమ గడియారంలో సమయం ఎంతైనదీ ఎడతెగక చెబుతుంటాయి. మన ఫోన్ ఆ సంకేతాలను వింటుంది. ఒక్కొక్కటి తనను చేరడానికి ఎంత సమయం పట్టిందో లెక్కకట్టి, దాన్నిబట్టి తాను ఎక్కడ ఉన్నదీ తేల్చుకుంటుంది. ఇందుకు కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందాలి. ఈ సంకేతం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పిపోతుంది. అంత సున్నితమైన లెక్క ఇది.

ఈ లెక్కను చూపు లేనివారి నడకకు వాడాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1980ల మధ్యలోనే అమెరికాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో జాక్ లూమిస్, రొబెర్టా క్లాట్‌స్కీ, రెజినాల్డ్ గొలెజ్ దీనిపై పని మొదలుపెట్టారు. వీరిలో గొలెజ్ భూగోళశాస్త్ర ఆచార్యుడు, నడివయసులో చూపు కోల్పోయినవాడు. వారి తొలి పరికరాన్ని వీపుమీద సంచిలో మోయవలసి వచ్చేది. ఆ రోజుల్లో సామాన్యులకు అందే సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. అది దాదాపు 100 మీటర్ల వరకు ఉండేది. 2000 మే నెలలో ఆ తప్పు కలపడం మానివేశారు. ఆ తరువాతనే నడిచేవారికి ఇది పనికివచ్చే సాధనమైంది. మన దేశం కూడా నావిక్ అనే సొంత వ్యవస్థ కోసం మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి పంపింది.

తప్పు ఎంత ఉంటుంది?

పైన ఆకాశం తెరిపిగా ఉన్నచోట మామూలు సెల్‌ఫోన్ చూపే స్థానం సాధారణంగా 5 మీటర్ల లోపు తేడాతో ఉంటుంది. కారు నడిపేవారికి ఇది లెక్కలోకి రాదు. చూపు లేకుండా నడిచేవారికి ఇదే పెద్ద సంగతి.

మన వెంగళరావు నగర్‌లోని ఒక కాలనీ వీధిని ఊహించుకోండి. ముప్పై అడుగుల వీధి అంటే వెడల్పు సుమారు 9 మీటర్లు. మీరు ఎడమ అంచున నడుస్తుంటే, 5 మీటర్ల తేడాతో ఫోన్ మిమ్మల్ని వీధి మధ్యలో ఉన్నారని అనుకోవచ్చు, లేదా పక్క ఇంటి ప్రహరీ లోపల ఉన్నారని అనుకోవచ్చు. అంటే మీరు రోడ్డుకు ఏ పక్కన ఉన్నారో ఫోన్‌కు నిశ్చయంగా తెలియదు. నాలుగు, అయిదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు రెండు పక్కలా ఉన్న సందులో సంకేతం గోడలకు తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. దూరం పెరిగినట్టు ఫోన్ భ్రమపడుతుంది. అప్పుడు తేడా పది, ఇరవై మీటర్లు కావచ్చు. అంటే పక్క సందే మీ సందు అని చెప్పే ప్రమాదం ఉంది.

అమీర్‌పేట నుంచి మధురానగర్ మీదుగా యూసఫ్‌గూడ వైపు వెళ్లే రోడ్డులో మరొక ఇబ్బంది. 2019 మార్చి నుంచి ఆ రోడ్డు పైన మెట్రో రైలు నడుస్తోంది. వంతెన కింద, స్టేషన్ కింద ఆకాశం కప్పబడి ఉంటుంది గనుక కొన్ని ఉపగ్రహాలు ఫోన్‌కు అందవు. అక్కడ ఫోన్ మాట తడబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. అలాగే సెల్లార్‌లో నుంచి, లిఫ్టులో నుంచి బయటికి వచ్చిన వెంటనే చెప్పే మాటను నమ్మవద్దు. ఒక నిమిషం తెరిపిలో నిలబడండి.

ఉపగ్రహం సరిగా చెప్పినా తప్పే చోట్లు

ఒకటి, పటంలోని తప్పు. హైదరాబాదు ఇంటి నంబర్లు 8-3 అంటూ వార్డు, బ్లాకులతో మొదలవుతాయి. ఒక నంబరు పక్కన దాని తరువాతి నంబరే ఉంటుందన్న హామీ లేదు. బంజారాహిల్స్‌లోనూ, జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. జలగం వెంగళరావు పార్కు బంజారాహిల్స్‌లో ఉంది, వెంగళరావు నగర్‌లో కాదు. ఊరి పేరు సరిగా చెప్పకపోతే ఫోన్ తప్పు చోటికి ఎంతో చక్కగా దారి చూపుతుంది! పైగా ఈ పటాలు ఎక్కువగా బండ్లను దృష్టిలో ఉంచుకొని చేసినవి. "మీరు గమ్యం చేరుకున్నారు" అన్నప్పుడు మీరు ఆ భవనం ముందు ఉండవచ్చు, వెనుక గోడ దగ్గరైనా ఉండవచ్చు. గేటు ఎక్కడో దానికి చాలాసార్లు తెలియదు.

రెండు, దిక్కు తప్పడం. జి.పి.ఎస్. మీరున్న చోటు చెబుతుంది గాని, నిలబడి ఉన్నప్పుడు మీ ముఖం ఎటు ఉందో చెప్పలేదు. దానికి ఫోన్‌లోని దిక్సూచి కావాలి. ఆ దిక్సూచి ఇనుప గేటు, ట్రాన్స్‌ఫార్మర్, ఆగివున్న కారు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు దగ్గర తప్పుతుంది. "ఎడమకు తిరగండి" అన్న మాట సరైనదే అయినా, మీరు తిరిగివున్న దిక్కు వేరైతే ఆ ఎడమ మీ కుడి కావచ్చు. పది అడుగులు నడిచిన తరువాత ఫోన్ చెప్పే దిక్కు మేలు.

మూడు, మాట ఆలస్యం. ఫోన్ ఒక వాక్యం పూర్తిచేయడానికి మూడు, నాలుగు సెకన్లు పడుతుంది. మామూలు నడకలో అంతలో మీరు మూడు, నాలుగు మీటర్లు ముందుకు పోతారు. మలుపు దాటిపోవడానికి అది చాలు.

ఇక ఏ పటంలోనూ లేనివి కొన్ని ఉన్నాయి. మూత తీసిన మ్యాన్‌హోల్, ఫుట్‌పాత్ మీద పెట్టిన స్కూటర్, ఇసుక కుప్ప, తలకు తగిలే చెట్టుకొమ్మ, పడుకున్న కుక్క. ఇవేవీ ఉపగ్రహానికి తెలియవు. మీ చేతిలోని తెల్లకర్రకు నేల మీది సంగతి తెలుస్తుంది. ఛాతీకి, తలకు తగిలేవి కర్రకు కూడా అందవు. అందుకోసం ఢిల్లీ ఐ.ఐ.టి. వారు రూపొందించిన స్మార్ట్‌కేన్ 2014లో వచ్చింది. అది ధ్వని తరంగాలతో ముందున్న అడ్డును గుర్తించి పిడిలో ప్రకంపనగా తెలుపుతుంది.

మరి ఎలా వాడుకోవాలి?

వీధి పేరు, మలుపు ఎంత దూరం, బస్సు ఏ స్టాపు దాటింది అనే సంగతులకు ఫోన్ మంచి తోడు. పక్కన నడుస్తున్న ఊరివాడు చెప్పినట్టు వినండి. కాలు ఎక్కడ పెట్టాలి, రోడ్డు ఎప్పుడు దాటాలి అన్న నిర్ణయం మాత్రం కర్రకు, చెవికి, పాదానికి, పక్క మనిషికి వదలండి.

ఇంటివారు ఈ విధంగా సాయపడవచ్చు:

1. మొదట తెలిసిన దారిలోనే అలవాటు చేయండి. ఇంటి నుంచి కిరాణా కొట్టుకు, మందుల షాపుకు, ఆదివారం గుడికి వెళ్లే దారి చాలు. ఒక వారం మీరు వెంట నడవండి, చేయి పట్టుకోకుండా.

2. ఫోన్ ఎక్కడ ముందుగా చెబుతోంది, ఎక్కడ ఆలస్యంగా చెబుతోంది గమనించి వారికి చెప్పండి. ఆ దారిలో ఫోన్ గుణం వారికి తెలిసిపోతుంది.

3. మీ గేటు ముందు ఒక నిమిషం నిలబడి ఆ స్థానాన్ని ఫోన్‌లో సొంత పేరుతో దాచండి. చిరునామా వెదికి పెట్టుకున్న దానికంటే ఇది మేలు.

4. 50 మీటర్లకు వారి అడుగులు ఎన్ని అవుతాయో ఒకసారి కొలిచి లెక్కపెట్టించండి. అప్పుడు ఫోన్ చెప్పే దూరం కాలికి అర్థమవుతుంది.

5. వాసనలు, చప్పుళ్లు గుర్తులుగా నేర్పండి. పిండిమిల్లు మోత, ఇస్త్రీ బండి బొగ్గుల వాసన, టిఫిన్ సెంటర్ పెనం చప్పుడు. ఫోన్ మాట, ఈ గుర్తు రెండూ కలిస్తేనే మలుపు తిరగాలి.

6. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్ పెట్టనివ్వవద్దు. వచ్చే బండిని చెప్పేది చెవే. ఫోన్‌ను తాడుతో మెడకు వేయండి. ఒక చేయి కర్రకు, ఒక చేయి ఖాళీగా ఉండాలి.

7. ఏ ఒక్క యాప్ మీదా పూర్తిగా ఆధారపడవద్దు. చూపు లేనివారు ఎంతో మెచ్చుకున్న సౌండ్‌స్కేప్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ 2018లో తెచ్చి, 2023లో ఆపివేసింది. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఇంటికి రాగలగాలి.

శిక్షణ సంగతి

తెల్లకర్రతో నడవడం ఎవరికి వారు నేర్చుకునేది కాదు. దానికి శిక్షణ ఉంది. చలనచిత్ర దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారి పేర 1987లో మొదలై, బంజారాహిల్స్‌లో ఉన్న కంటి ఆసుపత్రిలో చికిత్సతో పాటు, చూపు తిరిగి రానివారికి పునరావాస విభాగం కూడా ఉంది. ముందు కర్ర నేర్చుకోవాలి, తరువాత ఫోన్. ఈ వరుస మార్చకండి. కర్ర వచ్చినవారికి ఫోన్ తప్పు చెబితే కొంత దారి మాత్రమే తప్పుతుంది. కర్ర రానివారికి అదే తప్పు ప్రాణం మీదికి రావచ్చు.

దారి తప్పినట్టు అనిపిస్తే ఆగండి. గోడ పక్కకు, బండ్లు రాని చోటికి జరగండి. ఫోన్ చెప్పే వీధి పేరు విని, దగ్గరలోని ఆటో డ్రైవరునో, వాచ్‌మన్‌నో అడిగి సరిచూసుకోండి. అడగడం చిన్నతనం కాదు. చూపున్నవారు కూడా ఈ నగరంలో రోజూ దారి అడుగుతూనే ఉన్నారు.

చూపున్న మనకు కూడా ఇందులో పని ఉంది. ఫుట్‌పాత్ మీద మనం నిలిపిన బండిని ఏ ఉపగ్రహమూ తప్పించలేదు. దాన్ని తీయవలసింది మనమే.

ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి

1. మన ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా చూపు లేనివారికి ప్రమాదమైన చోట్లు ఎన్ని?

2. "గమ్యం చేరుకున్నారు" అని ఫోన్ అన్న చోటికీ, మన అసలు గేటుకూ ఎన్ని అడుగుల తేడా ఉంది? ఈ వారం కొలిచి చూడండి.

3. మన ఇంట్లో చూపు తగ్గినవారు చివరిసారి ఒంటరిగా బయటికి వెళ్లింది ఎప్పుడు? వారిని ఆపుతున్నది వారి భయమా, మన భయమా?