కాగితం చదివాకే కువైట్ ప్రయాణం

నరసన్నపేట శ్రీకాకుళం జిల్లాలో పెద్ద వ్యాపార ఊరు. పక్కనే జాతీయ రహదారి. చుట్టూ వరి పొలాలు. ఆ చుట్టుపక్కల రైసు మిల్లులు.

ఒక మిల్లులో ఒక ఫిట్టరు ఉన్నాడు. వయసు ముప్పై నాలుగు. ఎనిమిదో తరగతి దాకా చదివాడు. తొమ్మిదేళ్లుగా అదే మిల్లులో పని. బెల్టు తెగినా, బేరింగు పోయినా అతన్నే పిలుస్తారు. జీతం నెలకు 18,000 రూపాయలు. కోతలు పోగా చేతికి 15,700 వస్తుంది.

ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ఊరి బయట అర ఎకరం పొలం. అప్పు లేదు. మిగులూ లేదు.

మాట వచ్చింది

ఒక రోజు ఒక ఏజెంటు మనిషి వచ్చాడు.

"కువైట్‌లో ఫిట్టరు పని ఉంది తమ్ముడూ! నెలకు 45,000. రెండేళ్లు కష్టపడితే మేడ కట్టీవచ్చు. లక్షా యాభై వేలు కడితే చాలు. పది రోజుల్లో విమానం ఎక్కించేస్తాను" అన్నాడు.

రెండు కాగితాలు ఇచ్చి వెళ్లాడు.

ఫిట్టరుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే భార్యతో అన్నాడు.

"పొలం తాకట్టు పెట్టీసి ఎల్లిపోతాను. ఇక్కడ ఎన్నాళ్లు చేసినా ఇంతే కదా!"

భార్య వెంటనే కాదనలేదు. అవుననీ అనలేదు. ఆమె రెండేళ్ల కిందటే రాత్రిబడిలో చదువు నేర్చుకుంది.

"ఎల్లొద్దని నేననను మావా. ముందు ఆ కాగితాల్లో ఏటుందో చూద్దాం. తరవాత లెక్క రాద్దాం. అప్పుడు చెప్పు" అంది.

రంగం వెళ్లిన తాత

ఈ మాటలు తల్లి విన్నది.

"మీ తాత కూడా ఇలాగే రంగం ఎల్లాడురా బాబూ" అంది.

రంగం అంటే రంగూన్. బర్మా దేశంలో పెద్ద ఓడరేవు. ఇప్పుడు దాన్ని యాంగోన్ అంటున్నారు. బర్మాను మయన్మార్ అంటున్నారు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. మన జిల్లాల నుంచి వేల మంది కూలీలు అక్కడికి వెళ్లేవారు. కళింగపట్నం వంటి రేవుల నుంచి ఓడలు వెళ్లేవి. రంగం రేవులో మూటలు మోసింది తెలుగు కూలీలు. అక్కడి బియ్యం మిల్లుల్లో పని చేసిందీ వాళ్లే.

వాళ్లను తీసుకెళ్లినవాడు మేస్త్రి. ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టేవాడు. ఓడ ఖర్చు పెట్టేవాడు. అదంతా అప్పు. అక్కడ కూలి కూడా మేస్త్రి చేతి మీదుగానే వచ్చేది. అప్పు కింద కోసుకుని మిగిలింది ఇచ్చేవాడు. కొందరు బాగుపడ్డారు. డబ్బు పంపి ఇక్కడ భూములు కొన్నారు. కొందరికి ఎన్నేళ్లయినా అప్పు తీరలేదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ఆ తరువాత లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చేశారు. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచారు. ఆకలితో, జబ్బులతో ఎందరో దారిలోనే చనిపోయారు.

కువైట్‌లోనూ అలాంటి రోజు వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ ఉన్న లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను మన ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తెచ్చింది. ఎందరో కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. 2020లో కరోనా వచ్చినప్పుడు కూడా పనులు పోయాయి.

కాబట్టి దూరదేశపు జీతం ఏ రోజైనా ఆగవచ్చు. అది ఆగిన రోజున అప్పు ఉందా, లేదా? అదే అసలు ప్రశ్న.

ఉన్న కొలువు విలువ ఎంత?

ఫిట్టరు తన జీతం 15,700 అనుకునేవాడు. చేతికి వచ్చేది అంతే. అయితే చేతికి రానిది కూడా ఉంది.

*పి.ఎఫ్.:* జీతంలో నూటికి 12 రూపాయల చొప్పున కోత. అంటే 2,160. యజమాని కూడా అంతే వేయాలి. ఆ వాటాలో కొంత పింఛనుకు పోతుంది.

*పింఛను:* పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లు నిండాక నెలనెలా పింఛను వస్తుంది. ఫిట్టరుకు తొమ్మిదేళ్లు అయ్యాయి. ఇంకొక్క ఏడాది చాలు! ఇప్పుడు మానేసి ఆ సొమ్ము తీసేసుకుంటే తొమ్మిదేళ్లూ పోయినట్టే. తీసుకోకుండా 'స్కీము సర్టిఫికెట్' అడిగి ఉంచుకుంటే ఆ ఏళ్లు నిలుస్తాయి. తరువాత చేసే ఉద్యోగంలో కలుస్తాయి.

*ఈ.ఎస్.ఐ.:* ఇంటిల్లిపాదికీ వైద్యం. మానేస్తే అదీ ఆగుతుంది.

*గ్రాట్యుటీ:* ఐదేళ్లు దాటి పని చేసినవారు మానేటప్పుడు ఇది ఇవ్వాలి. నెల జీతాన్ని 26తో భాగించాలి. 15తో గుణించాలి. ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లతో గుణించాలి. ఫిట్టరుకు అది 93,000 రూపాయలకు పైనే.

ఈ సంగతి అతనికి తొమ్మిదేళ్లుగా తెలియదు!

కాగితాల్లో ఏముంది?

కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. తొమ్మిదో తరగతి చదివే కూతురు ఒక్కొక్క మాటా చదివింది. తెలియని మాటలు బడిలో మాస్టారిని అడిగి వచ్చింది. తల్లి వాటి అర్థం తెలుగులో రాసింది.

మొదటి కాగితం పని గురించి. జీతం కువైట్ దినార్లలో ఉంది. రూపాయల్లో చూస్తే సుమారు 28,000. మిగతాది ఓవర్‌టైము ఉంటేనే. తిండి ఖర్చు మనదే. ఒప్పందం రెండేళ్లు. కంపెనీ సంతకం లేదు, ముద్ర లేదు.

రెండో కాగితం వీసా. అందులో 'విజిట్' అని ఉంది. విజిట్ అంటే చూసి రావడం. పని చేయడం కాదు.

ఫిట్టరు ఏజెంటు మనిషికి ఫోను చేశాడు.

"ఏం పర్వానేదు తమ్ముడూ. అక్కడికెళ్లాక మార్చీస్తాం" అన్నాడు ఆ మనిషి.

చూసే వీసా మీద వెళ్లి పని చేయడం నేరం. పట్టుబడితే జరిమానా వేస్తారు. జైలులో పెట్టవచ్చు. వెనక్కి పంపేస్తారు. జీతం ఇవ్వకపోయినా గట్టిగా అడగడానికి లేదు. అడిగితే పట్టిస్తానని యజమాని బెదిరించవచ్చు.

లెక్క రాశారు

ఆ సాయంత్రం భార్య పలక తీసింది.

ఇక్కడి లెక్క:
చేతికి వచ్చేది – 15,700
ఫిట్టరు సొంత ఖర్చు – 3,700
ఇంటికి మిగిలేది – 12,000

అక్కడి లెక్క:
కాగితం మీది జీతం – 28,000
తిండి – 6,000
ఫోను, ఇతర ఖర్చులు – 2,000
ఇంటికి పంపగలిగేది – 20,000

"చూశావా! ఎనిమిది వేలు ఎక్కువ" అన్నాడు ఫిట్టరు.

"అప్పు సంగతో?" అంది భార్య.

అప్పు లక్షా యాభై వేలు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. నెల వడ్డీ 4,500. అది కట్టాక ఎనిమిది వేలలో మిగిలేది 3,500. అసలు తీరేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఎనిమిది వేలూ నెలనెలా అప్పుకే కట్టినా అది తీరడానికి 28 నెలలు పడుతుంది. ఒప్పందం మాత్రం 24 నెలలే!

రెండేళ్ల కష్టం తరువాత కూడా పొలం తాకట్టులోనే ఉంటుంది. ఇక్కడ పి.ఎఫ్. ఉండదు. కొలువూ ఉండదు.

"మేడ ఏదిరా?" అంది తల్లి.

ఎవరూ మాట్లాడలేదు.

మంచి దారి కూడా ఉంది

విదేశం వెళ్లడం తప్పు కాదు. మన జిల్లా వెల్డర్లు, ఫిట్టర్లు ఎందరో వెళ్లారు. డబ్బు పంపి పిల్లలను చదివించారు. అయితే దారి చూసుకుని వెళ్లాలి.

1983లో మన దేశంలో వలసల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం మనుషులను విదేశీ పనికి పంపే ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. అతనికి ఒక నంబరు ఉంటుంది. 'ఈ-మైగ్రేట్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నంబరు ఉందో లేదో చూడవచ్చు. సబ్ ఏజెంటు అనేవాడికి చట్టంలో చోటు లేదు.

నమోదైన ఏజెంటు పనివాని దగ్గర 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. దాని మీద పన్ను నూటికి 18. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి.

ఫిట్టరు భార్య ఈ లెక్క కూడా వేసింది. 35,400 అప్పు, అదే మూడు రూపాయల వడ్డీ. నెలకు 8,000 కడితే ఐదు నెలల్లో తీరిపోతుంది. మిగిలిన 19 నెలల సంపాదన ఇంటిదే. పాసుపోర్టు, వైద్య పరీక్షల ఖర్చు వేరు. అవి కలిపినా లక్షా యాభై వేలు కాదు.

పని అదే. దేశం అదే. జీతం అదే. దారి మారితే లెక్క మారింది.

వెళ్లేవారు చూసుకోవలసినవి

1. పని వీసా ఉందా? చూసే వీసా మీద పనికి వెళ్లకండి.

2. పదో తరగతి పాస్ కానివారి పాసుపోర్టు మీద సాధారణంగా 'ఇ.సి.ఆర్.' అని ఉంటుంది. వారు కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్ వంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఈ అనుమతి ఇచ్చే అధికారి పనివాని ఒప్పందం చూస్తాడు. ఇది అడ్డంకి కాదు, రక్షణ.

3. ఒప్పందంలో జీతం, పని గంటలు, తిండి, వసతి, సెలవు, తిరుగు టిక్కెట్టు రాసి ఉన్నాయా? నోటి మాట నమ్మకండి.

4. తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయకండి. తెలుగులో చెప్పించుకోండి.

5. 'ప్రవాసీ భారతీయ బీమా' తీసుకోండి. రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షల బీమా. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో పనివారు ఉండే భవనం కాలిపోయింది. 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో మన జిల్లా వాసి కూడా ఉన్నాడు. ఇలాంటి ఆపద ఎవరికీ రాకూడదు. వస్తే ఇల్లు నిలవాలి.

6. పాసుపోర్టు, వీసా, ఒప్పందం – మూడింటికీ నకళ్లు ఇంట్లో ఉంచండి.

7. అనుమానం ఉంటే 1800 11 3090కి ఫోను చేయండి. ఇది ప్రభుత్వ సహాయ కేంద్రం. ఖర్చు లేదు.

ఏం తేల్చుకున్నారు?

మరునాడు ఏజెంటు మనిషి మళ్లీ వచ్చాడు.

"నీ నమోదు నంబరు రాసియ్యి. కంపెనీ ముద్ర ఉన్న ఒప్పందం తే. పని వీసా తే. అప్పుడు మాటాడదాం" అన్నాడు ఫిట్టరు.

"ఇన్ని అడిగితే పని కాదు. నీ ఎనకాల పది మంది ఉన్నారు" అన్నాడు ఆ మనిషి. కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఫిట్టరుకు కొంచెం బాధ కలిగింది. 45,000 అన్న మాట అంత త్వరగా మరిచిపోలేడు కదా! అయినా పొలం చేతిలో ఉంది.

ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఈ ఏడాది మిల్లులోనే ఉండాలి. పదేళ్ల సర్వీసు నిండాలి. ఈలోగా పాసుపోర్టు తీయించాలి. మిల్లు నుంచి పని అనుభవం కాగితం తీసుకోవాలి. నెలకు కొంత దాచాలి. నమోదైన ఏజెంటు దగ్గర మంచి ఒప్పందం దొరికితే వెళ్లాలి. దొరక్కపోతే ఉన్న కొలువు ఉండనే ఉంది.

భార్య ఇదంతా నోటుబుక్కులో రాసింది. కింద తేదీ వేసింది. ఫిట్టరు సంతకం చేశాడు. తరువాత ఆమె కూడా సంతకం చేసింది. పొలం ఇద్దరిదీ. అప్పు చేస్తే అదీ ఇద్దరిదీ.

మాట్లాడుకోండి

1. రంగం మేస్త్రికీ, ఈ ఏజెంటు మనిషికీ పోలిక ఏమిటి?
2. ఫిట్టరు వెంటనే వెళ్లి ఉంటే ఏమేమి పోయేవి?
3. ఒక ఏడాది ఆగడం మంచిదేనా? మీరైతే ఏం చేసేవారు?
4. మీ ఊరి నుంచి విదేశం వెళ్లినవారు ఎవరి ద్వారా వెళ్లారు? ఎంత కట్టారు? అడిగి రాయండి.

లెక్క చేయండి

1. అప్పు 60,000. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెల వడ్డీ ఎంత? ఏడాది వడ్డీ ఎంత?
2. ఒకరి నెల జీతం 13,000. ఆరేళ్లు పని చేశారు. గ్రాట్యుటీ ఎంత వస్తుంది?

కొత్త మాటలు

ఒప్పందం – ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న కాగితం
వలస – బతుకు కోసం వేరే చోటికి వెళ్లడం
నమోదు – ప్రభుత్వ లెక్కలో పేరు రాయించడం
నకలు – కాగితానికి తీసిన కాపీ
వీసా – ఒక దేశంలోకి రావడానికి ఆ దేశం ఇచ్చే అనుమతి