నెమ్మదస్తురాలంటే సరిపోదు



కోటవురట్లలో టీచరుగా చేరావు కదా, ఒక్క విషయం నీ చెవిన వేయాలి. ‘నెమ్మదస్తురాలు, ఏ గొడవా లేదు’ అని మనం నిశ్చింతగా వదిలేసే అమ్మాయిల్లో ఆటిజం ఉన్నవాళ్లూ ఉంటారు. ఆటిజం అనగానే మనకు మగపిల్లాడే గుర్తొస్తాడు. 1943లో లియో కానర్ వర్ణించిన 11 మంది పిల్లల్లో 8 మంది అబ్బాయిలే. నలుగురు అబ్బాయిలకు ఒక అమ్మాయి అన్న లెక్క చాలాకాలం చెల్లింది. 2017లో 54 అధ్యయనాలను కలిపి చూస్తే ముగ్గురికి ఒకరు అన్నదే నిజానికి దగ్గరని తేలింది. అందులోనూ అప్పటికే నిర్ధారణ అయినవాళ్లను మాత్రమే లెక్కేసిన చోట అమ్మాయిలు తక్కువ, జనంలోకి వెళ్లి వెతికిన చోట ఎక్కువ. నాకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఇదే తల్లీ: మన దగ్గరికి రాలేదంటే ఆ పిల్లలు లేరని కాదు, మనం వెతకలేదని.

ఎందుకు కనపడరంటే, చాలామంది తమ ఇబ్బందిని దాచుకోవడం నేర్చుకుంటారు. అలాంటి పిల్ల మధ్యాహ్న భోజనం వరసలో పక్కపిల్ల ఏం చేస్తుందో చూసి అదే చేస్తుంది. అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వుతుంది. కుళాయి దగ్గర స్టీలు పళ్లేల మోతకు భుజాలు బిగుసుకుంటాయి గానీ, నోరు విప్పదు. బడిలో రోజంతా బిగబట్టుకున్నది ఇంటికెళ్లాక ఏడుపుగానో కోపంగానో బయటపడుతుంది. అప్పుడు తల్లి వచ్చి చెబితే, ‘బళ్లో బాగానే ఉంటుందే’ అని కొట్టిపారేయకు. రెండు చోట్లా చూసినదాన్ని కలిపితేనే ఆ పిల్ల అర్థమవుతుంది.

మాట్లాడని ప్రతి పిల్లకూ ఆటిజమేనా అంటారు. కాదు. సిగ్గరి పిల్లకు చనువు కుదిరాక బెరుకు తగ్గుతుంది. ఆటిజం ఉన్న పిల్లకు మాత్రం ఎన్నాళ్లు గడిచినా టైంటేబుల్ మారితే అదే కంగారు. అయినా తేల్చాల్సింది డాక్టర్లే, నువ్వు చూసింది చూసినట్టు రాసి ఇస్తే చాలు. ఆటిజమని ముద్ర పడితే రేపు పెళ్లి సంబంధాలకు అడ్డమని ఇంట్లోవాళ్లు భయపడతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకు, ఊళ్లో అది నిజమైన భయమే. కానీ పేరు పెట్టకపోతే ముద్ర పడదా? ‘పొగరు, మొండి’ అన్న ముద్రలు ఎలాగూ పడుతున్నాయి, వాటితో సాయం రాదు. ఆటిజమన్న పేరుతో అయితే వస్తుంది: 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అదీ ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి: రేపటి మార్పు ఈరోజే చెప్పడం, మోత లేని మూల చూపించడం, నోటితో చెప్పలేనిది రాసి ఇవ్వనివ్వడం.

సమగ్ర శిక్ష పథకం కింది భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. మీ మండలానికి ఎవరో కనుక్కుని, నువ్వు గమనించినవి వాళ్లతో మాట్లాడి, ఏమన్నారో నాకు రాయి.

మీ అత్త