అన్నయ్య సంగతి అమ్మనడుగుతారెందుకు?

పెళ్లిళ్లయ్యాక తోబుట్టువులు దూరమైతే కోడలి మీదో అల్లుడి మీదో నెపం వేస్తాం. నేనొప్పుకోను. అంతకు ముందే, ఇరవై దాటగానే మాటలు పలచబడి ఉంటాయి. కర్లపాలెంలో ఏ ఇంట్లోనైనా చూడండి. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు బాపట్లలో చదువు. ఇద్దరూ రోజూ అమ్మకు ఫోన్‌ చేస్తారు. "అన్నయ్య ఎలా ఉన్నాడే?" అని కూతురు అమ్మనే అడుగుతుంది. అన్నయ్య నంబరు మీ దగ్గర లేదా?

అమ్మ చేరవేసే కబురులో పోలిక కలుస్తుంది. "వాడు నెలనెలా పంపుతున్నాడు, నువ్వేమో..." తల్లిదండ్రుల పక్షపాతం పిల్లలు పెద్దయ్యాక కూడా వాళ్ల మధ్య దగ్గరతనాన్ని తగ్గిస్తుందని అమెరికా పరిశోధకులు చెబుతారు. నాకు పరిశోధన అక్కర్లేదు. అన్నయ్యకు ఇంజనీరింగ్, నాకు ఊరికి దగ్గరని డిగ్రీ. ఆ ఉక్రోషం ఇప్పటికీ నాలో ఉంది.

అయినా ఆదివారం రాత్రి భోజనాలయ్యాక అన్నయ్యకు నేనే ఫోన్‌ చేస్తాను. అమ్మ ఆరోగ్యం, డబ్బు, పెళ్లి సంబంధాలు, ఈ మూడూ ఎత్తకూడదు. తన పని గురించే అడగాలి. మొదట్లో "ఏంటే, ఏమైనా కావాలా?" అని అనుమానపడేవాడు. "ఊరికేనే" అంటే నమ్మేవాడు కాదు. మానేయబుద్ధేసేది, మానలేదు. ప్రాజెక్టు లేక బెంచి మీద ఉన్నానని అమ్మకు చెప్పని మాట ఒకరోజు నాకు చెప్పాడు. ఆ రాత్రి నా ఉక్రోషం కాస్త తగ్గింది. మీరూ చేయండి, తను చేయట్లేదని లెక్కలు కట్టకండి.

మిగతావి మీకు తెలిసినవే: అప్పిస్తే రాసుకోండి, ఇంటి వాట్సాప్‌ గ్రూపులో దెప్పకండి, వదినతో విడిగా స్నేహం చేయండి.

పొలం మాట మాత్రం ఫోన్‌లో వద్దు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. 2005లో కేంద్ర చట్టంతో కూతుళ్లందరికీ వచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా "పసుపు కుంకుమల కింద ఇచ్చాంగా" అంటూ పెళ్లయ్యాక హక్కు విడుదల పత్రం ముందు పెడతారు. చెల్లెలు సంతకం పెడుతుంది, పుట్టింటికి రావడం తగ్గిస్తుంది. ఆమెకేం కావాలో ఆమె అన్నే అడిగి ఉంటే? నాన్న ఉండగానే, సంక్రాంతికి అందరూ చేరినప్పుడు, పాసు పుస్తకం ముందేసుకుని ఎదురెదురుగా అడగండి. మా ఇంట్లో ఇంకా ఆ మాట రాలేదు. ఈ పండక్కి నేనే ఎత్తుతాను.