గేర్లు మార్చే ఎర్ర నూనె

కారు నడిపేవారి పాదాల దగ్గర ఎన్ని పెడళ్లుంటాయి? మన ఊళ్లో ఏ డ్రైవరు నడిగినా మూడని చెబుతాడు: క్లచ్చి, బ్రేకు, ఏక్సిలరేటరు. అమెరికాలో ఉంటున్న మీ మేనమామనో, పిన్నినో అడిగి చూడండి. రెండే అంటారు. అక్కడ చాలా కార్లకు క్లచ్చి పెడలు ఉండదు. గేరు మార్చే శ్రమ డ్రైవరుకు లేదు, కారే మార్చుకుంటుంది. మరి ఆ పని చేసేది ఎవరు? గేరుబాక్సులో నిండి ఉండే ఒక ఎర్రటి నూనె.

ఈమధ్య మన దగ్గర కూడా రెండు పెడళ్ల కార్లు పెరిగాయి. అయితే వాటిలో కొన్నింట ఉండేది మామూలు గేరుబాక్సే. క్లచ్చిని మన కాలుకు బదులు ఒక చిన్న మోటారు నొక్కుతుంది. మనం ఇక్కడ చెప్పుకొనేది వాటి గురించి కాదు.

ఒక టేబుల్ ఫ్యానును తిప్పి, దానికి ఎదురుగా కరెంటు పెట్టని మరో ఫ్యానును ఉంచండి. మొదటి దాని గాలి తగిలి రెండోదీ మెల్లగా తిరుగుతుంది. రెండింటినీ కలిపే ఇరుసు లేదు, పట్టీ లేదు, మధ్యన ఉన్నది గాలి మాత్రమే. గాలికి బదులు నూనె పోసి, రెండు ఫ్యాన్లనూ ఒకే డబ్బాలో ఇరికించి మూత వేశారనుకోండి. ఇంజను తిప్పే ఫ్యాను నూనెను విసురుతుంది, ఆ నూనె గేరుబాక్సు వైపు ఫ్యానును తోస్తుంది. కారు ఆగినప్పుడు రెండో ఫ్యాను ఆగిపోయినా మొదటిది నూనెను చిలుకుతూ తిరుగుతూనే ఉంటుంది, ఇంజను ఆగదు. ఇక క్లచ్చి పెడలుతో పనేముంది? మధ్యలో మూడో చక్రం ఒకటి ఉండి, తిరిగివచ్చే నూనెను సరైన దిక్కుకు మళ్లిస్తుంది. దానివల్ల కారు కదిలే క్షణంలో తిప్పే బలం సుమారు రెండింతలవుతుంది. దీన్ని టార్క్ కన్వర్టరు అంటారు. దీనికి 1905లో పేటెంటు తీసుకున్న జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగర్ మనసులో కారు లేనే లేదు. వేగంగా తిరిగే ఆవిరి టర్బైనుతో ఓడ పంకాను నెమ్మదిగా తిప్పడం ఎలాగన్నదే ఆయన సమస్య. కార్లలోకి ఇది తర్వాత వచ్చింది. 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో నూనెతో నడిచే జోడింపు, తానే మారే గేర్లు కలిసి కనిపించాయి.

నూనె పని ఇంతటితో అయిపోలేదు. గేరుబాక్సులో పంపు ఒకటి నూనెను పీడనంతో సన్నని దారులగుండా తోస్తుంది. ఏ దారి తెరుచుకుంటే అక్కడి క్లచ్చి పలకలు బిగుసుకుని ఆ గేరు పడుతుంది. అంటే మీరు భౌతికశాస్త్రంలో చదువుకొనే పాస్కల్ సూత్రమే ఇక్కడ గేర్లు మారుస్తోందన్నమాట. పైగా పళ్లచక్రాలకు కందెనగా ఉండవలసిందీ, వాటి వేడిని మోసుకుపోవలసిందీ ఇదే నూనె.

ఇందులో ఒక చిక్కు ఉంది. పళ్లచక్రాల దగ్గర ఈ నూనె జారుడుగా ఉండాలి. క్లచ్చి పలకలు కూడా ఈ నూనెలోనే మునిగి ఉంటాయి, కాని అవి జారకూడదు, పట్టుకోవాలి! పట్టు మరీ ఎక్కువైతే కారు కుదుపుతుంది, తక్కువైతే పలకలు జారి కాలిపోతాయి. ఘర్షణను ఇలా కొలిచినట్టు ఉంచగల పదార్థం ఏది? జనరల్ మోటార్స్ వారి 1949 నాటి నూనెలోనూ, 1967లో వచ్చిన డెక్స్‌రాన్‌లోనూ అందుకు వాడింది స్పెర్మ్ తిమింగలం నూనెను. అమెరికా ప్రభుత్వం 1970లో ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జంతువుల జాబితాలో చేర్చాక ఆ దారి మూసుకుపోయింది. రసాయన శాస్త్రజ్ఞులు మరో పదార్థం వెదికి పట్టుకున్నారు గాని, తొలి రకం కొత్త నూనె కొన్ని కార్లలో రేడియేటరు దగ్గరి టంకాన్ని తినేసింది. దాన్ని సవరించి ఇంకో రకం తేవలసి వచ్చింది. హోజోబా అనే ఎడారి మొక్క గింజల నుంచి వచ్చే ద్రవం తిమింగలం నూనెను పోలి ఉంటుందని ఆ మొక్కకు గిరాకీ పెరిగింది కూడా ఆ రోజుల్లోనే.

ఇంతకీ ఎరుపెందుకు? అది నూనె సొంత రంగు కాదు, కలిపిన రంగు. కారు కింద నేలమీద చుక్క పడితే, అది ఇంజను ఆయిలా, గేరుబాక్సుదా అని చూడగానే తెలియాలి కదా. కొన్నాళ్లకు ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది. అంతమాత్రాన కంగారు అక్కర్లేదు. నల్లబడి మాడు వాసన వేస్తే మాత్రం పలకలు కాలుతున్నాయన్నమాట. స్ట్రాబెర్రీ పాలలా గులాబీరంగుకు వస్తే ఇంకా ప్రమాదం. ఈ నూనెను చల్లబరిచే గొట్టం చాలా కార్లలో రేడియేటరు లోపలే ఉంటుంది. అది చిల్లుపడి నీళ్లు కలిసినప్పుడే నూనె అలా అవుతుంది.

నూనెను ముసలిదాన్ని చేసేది వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మామూలుగా 80, 90 డిగ్రీల దగ్గర ఉండే నూనె, బరువు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు 120 దాటిందంటే ఎంత త్వరగా చెడుతుందో మీరే లెక్క కట్టండి. కొన్ని కంపెనీలు తమ గేరుబాక్సులో నూనె జీవితాంతం మార్చనక్కర లేదంటాయి. ఎవరి జీవితాంతమో చెప్పవు!

రెండు లక్షల మైళ్లు తిరిగిన పాత కారులో నూనె మార్చకూడదు, మారిస్తే గేరుబాక్సు చస్తుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అలా చచ్చినవీ ఉన్నాయి. కాని కాకి వాలింది, తాటిపండు పడింది. పండును పడేసింది కాకేనా? ఏళ్ల తరబడి పట్టించుకోని యజమానికి నూనె గుర్తొచ్చేది ఎప్పుడు? గేర్లు జారడం మొదలైనప్పుడు. అప్పటికే పలకలు అరిగిపోయి ఉంటాయి, ఏ నూనె పోసినా అవి తిరిగి రావు. నింద మాత్రం కొత్త నూనెకు. యంత్రం పెట్టి పీడనంతో కడిగితే అడుగున పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారుల్లో అడ్డుపడవచ్చన్నది మాత్రం తీసిపారేయలేని అనుమానం. అందుకే ఇంట్లో చేసే నెమ్మది పద్ధతే పాత కారుకు మేలని నా అభిప్రాయం.

ఆ పద్ధతిలో ఒక లెక్క ఉంది. అడుగు ప్లగ్గు తీస్తే నూనె అంతా రాదు. టార్క్ కన్వర్టరులోనిది లోపలే ఉండిపోతుంది. మొత్తం ఏడున్నర లీటర్లుంటే మూడు దిగుతుందనుకుందాం. మూడు లీటర్లు కొత్తది పోసి కొన్ని రోజులు నడిపి మళ్లీ మార్చితే? ఒక గ్లాసులో ఐదు గరిటెల నీళ్లు పోసి, సిరా కలిపి చూడండి. రెండు గరిటెలు తీసి రెండు గరిటెల మంచినీళ్లు పోయండి. సిరా 60 శాతం మిగులుతుంది. రెండోసారికి 36, మూడోసారికి 22, నాలుగోసారికి 13. ప్రతిసారీ తగ్గేది ముందటి కన్నా తక్కువ. సున్నాకు ఎన్నటికీ చేరదు, చేరనక్కర కూడా లేదు. మూడుసార్లతో నూనె చాలావరకు కొత్తదే అవుతుంది.

ఇక పని. ఇందులో నూనె కన్నా ముందు ఆలోచించవలసింది కారు బరువు. జాకీ కారును ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. సమతలంగా, గట్టిగా ఉన్న నేల కావాలి. చక్రాలకు అడ్డు పెట్టి, కారును ఇనుప స్టాండ్లపై నిలిపి, తోసి చూసి, కదలదని తేలాకే కిందికి వెళ్లాలి. ఇది పెద్దలు చేసే పని. మీరు పక్కనుండి టార్చి పట్టండి, లెక్క రాయండి. నూనె గోరువెచ్చగా ఉంటే స్నిగ్ధత తగ్గి తేలిగ్గా జారుతుంది. మరిగేటప్పుడు తీస్తే చేతులు కాలతాయి.

నూనె పోసే మూత ఊడివస్తుందో లేదో ముందు చూసుకోవాలి. కిందనుంచి నూనెంతా వదిలాక పైమూత రాకపోతే కారు అక్కడే! దిగిన నూనెను కొలవాలి, అంతే పోయాలి. కొన్ని కార్లకు అడుగు ప్లగ్గు ఉండదు, తొట్టినే విప్పాలి. ఒక మూల బోల్టులు ముందు వదులు చేస్తే అటు వాలి నూనె ఒకచోట పడుతుంది. తొట్టిలో ఒక అయస్కాంతం కనిపిస్తుంది. దానిమీద బూడిదరంగు మెత్తని ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. గోటికి తగిలే ఇనుప పెళ్లలుంటే నూనె మార్పుతో పోయే జబ్బు కాదు. ఫిల్టరు, రబ్బరు గాస్కెట్టు కొత్తవి వేసి, బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. చిన్న బోల్టులవి, బలం చూపిస్తే మర పోతుంది. ఏ రకం నూనె పోయాలో కారు పుస్తకంలో ఉంటుంది. ఎర్రగా ఉన్నదల్లా ఒకటి కాదు.

చివరిది మట్టం చూడడం. ఎక్కువ కార్లలో ఇంజను నడుస్తుండగా, బ్రేకు నొక్కిపట్టి గేరు కర్రను అన్ని స్థానాలకూ ఒకసారి తిప్పి, పార్కులో ఉంచి చూడాలి. కొన్ని హోండా కార్లలో ఇంజను ఆపాకే చూడాలి. కొలబద్దపై చల్లనిదానికి ఒక గీత, వేడిదానికి ఒక గీత ఎందుకు? ఏడున్నర లీటర్ల నూనె 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడోవంతు లీటరు వ్యాకోచిస్తుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైనా గాలే చేరుతుంది: తిరిగే చక్రాలు నూనెను తాకి నురగ లేపుతాయి. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, నూనె అలా కాదు. నురగ నూనెతో పీడనం నిలవదు, పలకలు జారతాయి.

దిగిన పాత నూనెను మూతగట్టి ఉన్న డబ్బాలో పోసి, వాడిన నూనె తీసుకొనే దుకాణానికి ఇవ్వాలి. అమెరికాలో కార్ల సామాన్ల దుకాణాలు చాలావరకు ఉచితంగానే తీసుకుంటాయి. కాలవలోనో, చెట్టు మొదట్లోనో పోస్తే అది చివరికి చేరేది ఎవరో ఒకరి బావిలోకే.