వంశానుగత జన్యులోపాలు: ప్రతిరక్షకాల ఉత్పత్తి, వ్యాధుల ముప్పు

ఒకే పాకలో పెరుగుతూ, ఒకే మేత తింటూ, ఒకే టీకాలు పొందిన దూడలలో ఒకటి మాత్రం పదేపదే జబ్బు పడటం విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురయ్యే సమస్య. ఇందుకు కారణం సాధారణంగా పోషణలోనో, పారిశుధ్యంలోనో ఉంటుంది. అరుదుగా మాత్రం అది తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులో ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే చికిత్సకు పెట్టిన ఖర్చు వృథా కావడమే గాక, అదే లోపం తరువాతి ఈతలలో మరల తలెత్తే అవకాశం ఉంది.

ప్రతిరక్షకాలు ఏర్పడే విధానం

ప్రతిరక్షకాలను తయారు చేసేవి బి-లింఫోసైట్లనే తెల్లరక్తకణాలు. ఇవి క్షీరదాల ఎముక మజ్జలో పుట్టి, దశలవారీగా పరిణతి చెందుతాయి. ఈ క్రమంలో ప్రతి కణమూ తన ప్రతిరక్షక జన్యువు లోని ముక్కలను కత్తిరించి, కొత్త వరుసలో అతికించుకుంటుంది. అందువల్లనే పరిమితమైన జన్యువులతో లెక్కకు మించిన రకాల ప్రతిరక్షకాలు తయారవుతాయి. పరిణతి చెందిన కణం తనకు సరిపోయే సూక్ష్మజీవి తారసపడినప్పుడు, టి-లింఫోసైట్ల సహాయంతో విభజన చెంది ప్రతిరక్షకాలను విడుదల చేస్తుంది. ఈ దశలలో ఏ ఒక్కటి కుంటుపడినా ఫలితం వేరువేరుగా ఉంటుంది. కింది మూడు ఉదాహరణలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి.

మొదటి ఉదాహరణ: మానవులలో

1952లో అమెరికా వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, తరచుగా న్యుమోకాకస్ బాక్టీరియా బారిన పడుతున్న ఎనిమిదేళ్ళ బాలుని రక్తంలో గామా గ్లోబ్యులిన్ లేదని గుర్తించారు. దీనికి మూలమైన బి.టి.కె. జన్యువును 1993లో కనుగొన్నారు. ఈ జన్యువు లోపిస్తే బి-కణాలు మజ్జలోనే తొలి దశలో ఆగిపోతాయి. అది ఎక్స్ క్రోమోసోముపై ఉండటం వల్ల వ్యాధి ప్రధానంగా మగపిల్లలలో కనిపిస్తుంది. తల్లి నుండి మాయ ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు తరిగిపోయే ఆరు నెలల వయస్సు తరువాతనే లక్షణాలు బయటపడతాయి. టి-కణాలు ఉన్నందున అనేక వైరస్‌లను శరీరం తట్టుకుంటుంది. అయితే పైపొర గల బాక్టీరియాను, ఎంటిరోవైరస్‌లను తట్టుకోలేదు. అందువల్ల ఇటువంటి పిల్లలకు నోటి ద్వారా ఇచ్చే సజీవ పోలియో టీకా వేయరాదు.

రెండవ ఉదాహరణ: అరబ్బీ గుర్రాలలో

జన్యువు ముక్కలను తిరిగి అతికించే ఎంజైమును తయారు చేసే జన్యువులో ఐదు క్షారాలు లోపించడం ఈ జాతిలో కనిపించే లోపం. అతికింపు జరగనందున బి-కణాలు, టి-కణాలు రెండూ ఏర్పడవు. ముర్రుపాల ద్వారా లభించిన రక్షణ తగ్గగానే గుర్రపుపిల్ల శ్వాసకోశ వ్యాధులకు గురై, సాధారణంగా ఐదు నెలలలోపే మరణిస్తుంది. ఇది అంతర్గత లక్షణం. అంటే లోపమున్న జన్యువు తల్లి నుండి, తండ్రి నుండి రెండు ప్రతులూ వచ్చినప్పుడే వ్యాధి కలుగుతుంది.

మూడవ ఉదాహరణ: హోల్‌స్టీన్ పశువులలో

తెల్లరక్తకణాల అంటుకునే గుణాన్ని దెబ్బతీసే ఈ లోపాన్ని 'బ్లాడ్' అని వ్యవహరిస్తారు. సి.డి.18 ప్రోటీనులో 128వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు గ్లైసిన్ చేరడమే దీనికి కారణం. రక్తంలో న్యూట్రోఫిల్ కణాలు విపరీతంగా పెరుగుతాయి. కాని అవి రక్తనాళపు గోడకు అంటుకొని, దానిని దాటి వ్యాధి సోకిన భాగానికి చేరలేవు. ఇక్కడ గమనించవలసిన అంశమేమంటే, ఈ దూడలలో ప్రతిరక్షకాలకు కొరత ఉండదు. ప్రతిరక్షకం సూక్ష్మజీవిని గుర్తించి పట్టుకున్నా, దానిని మింగవలసిన కణం అక్కడికి రాదు. కాబట్టి ప్రతిరక్షకాల పరిమాణం ఒక్కటే రోగనిరోధక శక్తికి కొలమానం కాదు. నోటిపుండ్లు, మానని గాయాలు, న్యుమోనియా, విరేచనాలు, ఎదుగుదల లేకపోవడం ముఖ్య లక్షణాలు.

అమెరికాలో 1992లో ప్రచురితమైన పరిశోధనలో 14.1 శాతం ఆబోతులు, 5.8 శాతం ఆవులు ఈ జన్యువుకు వాహకాలని తేలింది. ఆస్బోర్న్‌డేల్ ఐవన్హో అనే మేలుజాతి ఆబోతు సంతతి ద్వారా, కృత్రిమ గర్భధారణ వల్ల ఇది అనేక దేశాలకు వ్యాపించింది.

సంక్రమణ లెక్క

వాహక ఆబోతును వాహక ఆవుతో దాటిస్తే పుట్టే దూడలలో సగటున 25 శాతం వ్యాధిగ్రస్తం, 50 శాతం వాహకాలు, 25 శాతం లోపరహితం. వాహక ఆబోతుకు, లోపంలేని ఆవుకు పుట్టిన పెయ్యలలో సగం వాహకాలు. ఈ పెయ్యలకు తిరిగి అదే ఆబోతు వీర్యం వాడితే ప్రతి ఎనిమిది దూడలలో ఒకటి వ్యాధిగ్రస్తం కాగలదు. ఒకే ఆబోతు వీర్యాన్ని తరతరాలుగా వాడరాదనే సూచనకు ఇదొక బలమైన ఆధారం.

ముర్రుపాల లోపంతో పోలిక

పశువులలో మాయ ద్వారా ప్రతిరక్షకాలు దూడకు చేరవు. పుట్టిన దూడ పేగు వాటిని గ్రహించే శక్తి గంటగంటకూ తగ్గి, సుమారు 24 గంటలలో ముగుస్తుంది. ముర్రుపాలు అందని దూడ తొలి వారాలలోనే జబ్బు పడుతుంది. ఇది యాజమాన్య లోపమే గాని జన్యులోపం కాదు. కనుక క్షేత్రస్థాయిలో మొదట అడగవలసిన ప్రశ్న ముర్రుపాలు ఎప్పుడు, ఎంత తాగించారన్నదే.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. దూడ పుట్టిన రెండు గంటలలోపు ముర్రుపాలు తాగించేలా రైతులకు నేర్పాలి.

2. ప్రతి గర్భధారణకూ వాడిన ఆబోతు సంఖ్యను నమోదు చేయించాలి. ఒకే ఆబోతు సంతతిలో ఇటువంటి దూడలు మళ్ళీమళ్ళీ కనిపిస్తే జన్యులోపాన్ని అనుమానించాలి.

3. బ్లాడ్ నిర్ధారణకు పి.సి.ఆర్. ఆధారిత డి.ఎన్.ఏ. పరీక్ష ఉంది. మన దేశంలో ఘనీకృత వీర్య కేంద్రాలకు నిర్దేశించిన కనీస ప్రమాణాలలో హోల్‌స్టీన్ రక్తమున్న ఆబోతులకు ఈ పరీక్ష ఒక భాగం. పరీక్షించిన ఆబోతుల వీర్యాన్నే వాడాలి.

4. వాహక ఆవు ఆరోగ్యంగానే ఉంటుంది, పాల దిగుబడి తగ్గదు. దానిని తెగనమ్మవలసిన పనిలేదు. లోపరహిత ఆబోతు వీర్యం వాడితే వ్యాధిగ్రస్త దూడ పుట్టదు.

జన్యులోపాన్ని మందుతో సరిచేయలేము. అయితే సరైన ఆబోతు ఎంపికతో అది మందలో మరల బయటపడకుండా నివారించవచ్చు. ఈ నివారణకు రైతుపై పడే అదనపు ఖర్చు దాదాపు లేదు. కావలసినదల్లా క్రమం తప్పని నమోదు.