ఆన్‌లైన్ షాపులో ఫోటో ఎక్కడం లేదా? ముందు ఫైల్ పేరు పొడవు చూడండి

పంట పండించడం ఒక ఎత్తు, అమ్ముకోవడం ఇంకో ఎత్తు. మనలో చాలామంది ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెట్టుకుని బియ్యం, పప్పులు, బెల్లం నేరుగా అమ్ముకుంటున్నాం. పోయిన సంక్రాంతి ముందు నా షాపులో వచ్చిన ఇబ్బంది, దాన్ని సరిచేసుకున్న పద్ధతి ఈ పాఠంలో చెబుతాను. కంప్యూటర్ మీద చేసి చూపించింది పై వీడియోలో ఉంది. చదువుకుని చేసేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఏం జరిగిందంటే

నవర, చిట్టిముత్యాలు, కాలాబట్టి బియ్యం ఆడించి ఫోటోలు తీశాను. పేరు ఎంత వివరంగా ఉంటే అంత మంచిదనుకుని, జీవామృతం దగ్గర నుంచి పంటకాలం దాకా అన్నీ తెలుగులో ఫైల్ పేరులోనే రాశాను. కొన్ని ఫోటోలు అసలు ఎక్కలేదు, ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అని వచ్చింది. కొన్ని ఎక్కాయి గానీ, షాపు పేజీలో చిన్న ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ. ‘స్టాక్ అయిపోయిందా అండీ?’ అని ఫోన్ చేసి అడిగినవాళ్లు కొందరే, అడగకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో! మందు కలపని బియ్యం ఎక్కువ రోజులు ఉంచితే పురుగు పడుతుందని మీకు వేరే చెప్పక్కర్లేదు.

మా మేనల్లుడు వచ్చి చూసి, ‘మామయ్యా, సైట్‌కి ఏం కాలేదు. నువ్వు పెట్టిన పేర్లే పొడుగయ్యాయి’ అన్నాడు.

లెక్క ఇదీ

సైట్లు ఎక్కువగా లినక్స్ సర్వర్ల మీద నడుస్తాయి. అక్కడ ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు, తెలుగుకు 3 కావాలి. పైగా గుణింతం, వత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కే. ‘బియ్యం’ మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కు బ, గుడి, య, పొల్లు, య, సున్న, మొత్తం 6 ముక్కలు, 18 బైట్లు. అంటే పేరులో 80 ముక్కలు దాటితే అంచుకు వచ్చేసినట్టే.

మరి ఎక్కిన ఫోటో ఎందుకు కనపడలేదు? నా షాపు వర్డ్‌ప్రెస్ మీద ఉంది. అది చిన్న ఫోటో తయారుచేసి, పేరు చివర 300ఇంటూ300 లాగా సైజు తగిలిస్తుంది. అంచు మీద ఉన్న పేరు అక్కడ హద్దు దాటుతుంది.

లింకు సంగతీ ఇంతే. లింకులో ఒక్కో తెలుగు ముక్క 9 గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో ప్రోడక్ట్ లింకు పేరుకు 200 గుర్తులే చోటు, అంటే తెలుగులో 22 ముక్కలు. ఆపైన ఉన్నది తెగిపోతుంది.

సరిచేసే పద్ధతి

1. ఫైల్ పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో అడ్డగీతతో పెట్టండి. నవర, 1 కిలో, ఫోటో నంబరు ఉంటే చాలు.

2. తెలుగు వివరమంతా ప్రోడక్ట్ టైటిల్, వివరణ, ఫోటో ఆల్ట్ టెక్స్ట్‌లలో రాయండి. కొనేవాళ్లు చదివేది అక్కడే.

3. ఎక్కిన ఫైల్ పేరును సర్వర్‌లోకి వెళ్లి మార్చకండి. షాపు పాత పేరుతోనే వెతుకుతుంది, ఫోటో కనపడదు. చిన్న పేరుతో మళ్లీ ఎక్కించి, ప్రోడక్ట్‌కు తగిలించి, సరిగ్గా కనిపించాకే పాతది తీసేయండి.

4. లింకు పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టండి.

బ్యాకప్ విషయంలో జాగ్రత్త

మార్పులకు ముందు సైట్ బ్యాకప్ జిప్ దించుకోండి. విండోస్‌లో లెక్క వేరు: డ్రైవ్ దగ్గర నుంచి ఫోల్డర్ల పేర్లు, ఫైల్ పేరు అన్నీ కలిపి మామూలుగా 260 లోపే ఉండాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెట్టి విప్పితే నాకు ‘పాత్ టూ లాంగ్’ అని వచ్చింది. జిప్‌ను సీ డ్రైవ్‌లో ఒక్కక్షరం పేరున్న ఫోల్డర్‌లోకి మార్చి విప్పాను, మొత్తం వచ్చింది. విండోస్ 10లో ఈ హద్దు తీసే సెట్టింగ్ ఉంది గానీ, మనం వాడే సాఫ్ట్‌వేర్ కూడా దానికి ఒప్పుకోవాలి. అందుకే ఫోల్డర్ పేరు కుదించడమే తేలిక.

విత్తనం సంచికి చీటీ కట్టేటప్పుడు రకం పేరు, సంవత్సరం రాసి ఊరుకుంటాం కదా, పొలం కథంతా రాయం. ఫైల్ పేరూ అలాంటి చీటీయే. పంట చేతికొచ్చాక కాదు, ఇవాళే మీ షాపు ఫోటోల పేర్లు ఒకసారి చూసుకోండి.