ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఉన్న మనవరాలికి



నీ ఉత్తరం అందింది. సివిల్స్ ప్రిలిమ్స్ సీశాట్ మాక్ టెస్టులో సైన్సు పాసేజీలు ముంచేశాయని రాశావు. కోచింగ్ మానేసి వచ్చేస్తున్నావని ఎవరో చెవిన వేస్తే మీ అమ్మ బెంగపడిపోయింది. అమ్మకో ఫోన్ చెయ్యి.

2014లో ఢిల్లీ ముఖర్జీ నగర్ కోచింగ్ పిల్లలు రోడ్డెక్కింది ఈ పేపరు మీదే. 2015 నుంచి 33 శాతం వస్తే గట్టెక్కినట్టే. కాకపోతే తప్పు జవాబుకు మూడోవంతు కోత. నీకు తెలియనిది కాదులే.

నువ్వు పంపిన ఆవాల పాసేజీ చదివాను. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం తయారుచేసిన జన్యుమార్పిడి ఆవాలు, డీఎంహెచ్-11 గురించి. 2022లో కేంద్ర కమిటీ విడుదలకు సిఫార్సు చేసింది. 2024లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. దిగుబడి పెరిగే సూచనలున్నాయి, తేనెటీగల సంగతి మరికొన్ని సీజన్లు చూడాలి అన్నాడు పాసేజీ రచయిత. అతని వైఖరి ఏమిటంటే నువ్వు 'తీవ్ర వ్యతిరేకత' అని పెట్టొచ్చావు! ఆ కోపం అతనిది కాదమ్మా, నీది.

నీ గదికి కూతవేటు దూరంలో పూసా ఉంది చూడు, బీహారులో 1934 భూకంపానికి కూలిపోతే 1936లో ఢిల్లీకి తెచ్చిన వ్యవసాయ పరిశోధన సంస్థ. కుర్రతనంలో నేను అక్కడ శిక్షణ పొందాను. ఊరికొచ్చాక కొత్త వంగడం రిపోర్టు రైతులకు చదివి వినిపించాను. 'తెగులును తట్టుకోవచ్చు' అని ఉంటే, ఓ పెద్దాయన 'రాసినవాడికే నమ్మకం లేదు, మాకెందుకయ్యా?' అని లేచిపోయాడు. ఆ మాట రిపోర్టు రాసిన శాస్త్రవేత్తతో అంటే, 'నేను చూసింది రెండు పంటలు. రెండు పంటలు చూసినవాడు ఎంత గట్టిగా చెప్పాలో అంతే చెప్పాను' అన్నాడు.

అందుకే పదేపదే చెబుతున్నాను, విసుక్కోకు. 'మే', 'లైక్లీ', 'సజెస్ట్స్' కనబడగానే రచయిత అనుమానపడుతున్నాడని గీత గీసేయకు. సైన్సు రాసేవాడికి అది మర్యాద. అతను అనుమానపడితే ఎందుకో చెబుతాడు: పరీక్షించిన మొక్కలు తక్కువనో, పోల్చిచూసిన పొలం సరైనది కాదనో. 'విమర్శకులు అంటున్నారు' అని మొదలైన వాక్యం విమర్శకులదే. దాని తర్వాత 'అయితే' అని వస్తే అక్కడ ఆగి రెండుసార్లు చదువు, రచయిత సొంత మాట సాధారణంగా అక్కడుంటుంది. 'పూర్తిగా', 'తీవ్రంగా' అన్న ఆప్షన్లకు పాసేజీలో అంత ఘాటైన మాట చూపించగలిగితేనే టిక్కు పెట్టు.

రాత్రిళ్లు మేలుకుని కళ్లు పాడుచేసుకోకు. మీ నానమ్మ కందిపొడి, ఆవకాయ పంపిస్తోంది, గదిలో పిల్లలకూ పెట్టు. వచ్చే మాక్‌లో తప్పుపోయిన ప్రతి పాసేజీ పక్కన, ఏ వాక్యం చూసి ఆ జవాబు పెట్టావో రాసి నాకు పంపు.

మీ తాతయ్య